చేసిన వాయిద్యం పిల్లల ఇంటికి చేరాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

పరీక్షలు ముగింపునకు వచ్చాయంటే చాలు, అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా వేసవి రోబోటిక్స్ శిబిరాల ఫ్లెక్సీలు వెలుస్తాయి. తల్లిదండ్రులు వేలకు వేలు ఫీజు కట్టి పంపిన పిల్లలు అక్కడ ఏమి చేస్తారో దగ్గరగా చూసినవాడిని కనుక ఈ లేఖ రాస్తున్నాను. పెట్టెలో సిద్ధంగా వచ్చిన చక్రాలను, మోటార్లను, సర్క్యూట్ బోర్డును పుస్తకంలో చూపిన వరుసలో బిగిస్తారు; నల్ల గీత వెంట బండి నడుస్తుంది; ఫొటోలు తీస్తారు. చివరి రోజు సర్టిఫికెట్లు పంచి, బండిని విప్పి మళ్లీ పెట్టెలో సర్దుతారు, ఎందుకంటే తరువాతి బ్యాచ్‌కు అదే కిట్ కావాలి. ప్రభుత్వ పాఠశాలల సంగతి వేరు. అక్కడ ఫీజు లేదు, చాలాచోట్ల శిబిరమూ లేదు; ఉన్న కిట్లు బీరువాలో భద్రంగా ఉంటాయి. రెండుచోట్లా లోపం ఒకటేనని నా అభిప్రాయం: పిల్లలు తమ చేతులతో చేసిన వస్తువు పిల్లల దగ్గర మిగలడం లేదు. మిగిలేటంత చవకగా, ఇంటికి వెళ్లాక కూడా దానితో ఏదో ఒకటి చేయాలనిపించేలా ఉండే వస్తువు కోసం వెతికితే నాకు కనిపించినది మైక్రోకంట్రోలర్‌తో, అంటే ప్రోగ్రాము ఎక్కించుకుని పనిచేసే చిన్న చిప్పుతో, చేసే చిన్న సింథసైజర్: విద్యుత్ తరంగాలతో స్వరాలు పుట్టించే వాయిద్యం.

సింథసైజర్ అనగానే సినిమా పాటల రికార్డింగు స్టూడియోలు, లక్షల ఖరీదు చేసే కీబోర్డులు గుర్తుకు రావడం సహజం. రాబర్ట్ మూగ్ 1964లో అమెరికాలో తన సింథసైజర్‌ను ప్రదర్శించిన నాటికి అది తీగల చిక్కుముడులతో నిండిన పెద్ద యంత్రం. 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ అటువంటి మూగ్ యంత్రంతోనే ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పారు. దానిని తాకే అవకాశం దక్కినవారు కొద్దిమందే. ఇవాళ ఏటీటైనీ 85 అనే చింతగింజంత చిప్పు ఎనిమిది కాళ్లతో బజారులో దొరుకుతుంది. దానిలో ప్రోగ్రాము దాచుకోవడానికి 8 కిలోబైట్లు, లెక్కలు చేసుకోవడానికి 512 బైట్ల స్థలం ఉంటాయి. మూగ్ యంత్రం పలికించిన నాదాలన్నీ ఇది పలికించలేదు కానీ, ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు సరళీ స్వరాలు వాయించుకోవడానికి అది చాలినంత.

కిందటి వేసవిలో ఒక శాఖా గ్రంథాలయం హాలులో, వేసవి విజ్ఞాన శిబిరానికి వచ్చిన ప్రభుత్వ పాఠశాలల పిల్లలతో ఈ పని చేయించాము. మొదటి పాఠం ఆర్డుయినో యూనోతో, అంటే ప్రోగ్రాము ఎక్కించి పరీక్షించడానికి వాడే మైక్రోకంట్రోలర్ బోర్డుతో, మొదలైంది. ఎల్ఈడీని అర సెకను వెలిగించి, అర సెకను ఆర్పే ప్రోగ్రాము ప్రపంచమంతటా మొదటి పాఠమే, కొత్తదేమీ లేదు. బోర్డులోని అదే కాళ్లకు (పిన్నులకు), కరెంటును అదుపు చేసే రెసిస్టరును అలాగే ఉంచి, ఎల్ఈడీ స్థానంలో చిన్న స్పీకరు తగిలించినప్పుడు మాత్రం హాలులో పిల్లలంతా బల్ల చుట్టూ చేరారు. 500 మిల్లీసెకన్ల విరామంతో స్పీకరు ‘టిక్కు... టిక్కు’ అంటుంది. ఆ అంకెను 50కి తగ్గిస్తే టిక్కులు తొందరపడతాయి. 10కి తగ్గిస్తే ఒక్కొక్క టిక్కును చెవి విడదీయలేక ‘బుర్ర్’ అనే మోతగా వింటుంది. 5 చేస్తే ఆ మోత కాస్త పైకి లేస్తుంది. 1కి వచ్చేసరికి స్పష్టమైన ‘పీ’. ప్రోగ్రాములో మారినది ఒక్క అంకె. స్వరం అంటే వేగంగా జరిగే టిక్కులేనని చెప్పనవసరం లేకుండా, ఎక్కడ టిక్కు ఆగి స్వరం మొదలైందో పిల్లలే ఆ అంకెను అటూ ఇటూ మార్చి వెతుక్కున్నారు. తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకంలో ధ్వని పాఠం ఉంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) నుంచి 20 వేల హెర్ట్జ్ వరకు వింటుందని అందులో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవారు ఆ పిల్లల్లో ఉన్నారు. ఆ 20 ఎక్కడుందో చెవితో విన్నది ఆ రోజే. పై అంచు దగ్గర ఇంకొక ముచ్చట. పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యను, పెంచుతూ పోతుంటే ఒకచోట శబ్దం ఆగిపోయిందనుకుని నేను వైర్లు సరిచూడబోయాను. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. వయసుతో పాటు పై స్వరాలు వినే శక్తి తగ్గుతుందనే విషయం ఇంతకంటే బాగా ఏ బోర్డు మీదా చెప్పలేము.

చక్రాల బండి కంటే ధ్వని మేలని నేను అనడానికి కారణం ఇదే. తప్పు జరిగితే ఆ క్షణంలోనే వినపడుతుంది. ఎలాంటి తప్పో కూడా ఆ శబ్దమే చాలామటుకు చెబుతుంది. ఉదాహరణకు పిల్లల పరికరాల్లో శబ్దం పలికించడానికి పెట్టిన బజర్ల విషయం చూడండి. బజారులో ఒకే ఆకారంలో రెండు రకాలు ఉంటాయి. ఒకదానిలో శబ్దం పుట్టించే సర్క్యూట్ లోపలే ఉంటుంది కనుక బ్యాటరీ తగిలించగానే అదే కూస్తుంది, కానీ ఎప్పుడూ ఒకే స్వరం. రెండోది బయటి నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని బట్టి పలుకుతుంది. మనకు కావలసినది ఇది. అడిగి తెచ్చుకున్నా రెండూ కలిసి వచ్చాయి. కొందరి పరికరాలు స్వరాలు మార్చి పలుకుతుంటే మరికొందరివి ఏ మీట నొక్కినా ఒకే గొంతుతో అరుస్తున్నాయి. తమ ప్రోగ్రామే తప్పనుకుని పక్కవారి ప్రోగ్రాము వరుస వరుసా సరిచూసుకున్న ఇద్దరు అమ్మాయిలు, తేడా లేదని తేలాక బజర్లు మార్చి చూసి, ఆ తరువాత తిరగేసి చూసి, ‘సార్, అరిచేవాటికి కింద నల్లటి లక్క పోసి ఉంది, పలికేవాటికి పచ్చ పలక కనిపిస్తోంది’ అని చెప్పారు. సాధారణంగా గుర్తు అదే. బ్యాటరీకి తాకించి చూడడం ఇంకా నమ్మకమైన పరీక్ష.

తరువాత స్వరాలు. అంతర్జాలంలో దొరికే ప్రోగ్రాములన్నిటిలో పాశ్చాత్య స్వరాల పట్టిక ఒకటి ఉంటుంది. దానినే వాడితే గాత్రం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ‘గాంధారం కొంచెం పైన ఉంది సార్’ అంది. ఆ అమ్మాయి చెవి సరైనదే. ఆ పట్టికలో స్థాయిని, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన మెట్లుగా విభజించి ఉంటారు. మన గాయకులు తంబురాకు కలుపుకుని పాడే అంతర గాంధారం షడ్జమానికి నాలుగింట ఐదు వంతుల నిష్పత్తిలో నిలుస్తుంది. షడ్జమాన్ని 240 హెర్ట్జ్‌గా తీసుకుంటే నిష్పత్తి ప్రకారం గాంధారం 300. సమాన మెట్ల పట్టిక ప్రకారం 302.4. దాంతో పట్టికను పక్కన పెట్టి, సంగీతం మొదలుపెట్టే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ నేర్పే మాయామాళవగౌళ రాగాన్ని నల్లబల్ల మీద నిష్పత్తులుగా రాశాము. 240ని షడ్జమం అనుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. శుద్ధ రిషభం 16/15 కనుక 256, అంతర గాంధారం 5/4 కనుక 300, శుద్ధ మధ్యమం 4/3 కనుక 320, పంచమం 3/2 కనుక 360, శుద్ధ ధైవతం 8/5 కనుక 384, కాకలి నిషాదం 15/8 కనుక 450, పై షడ్జమం 480. ఒక్కటంటే ఒక్క దశాంశం లేదు. ఆరో తరగతిలో నిష్పత్తి, అనుపాతం చదివిన పిల్లలు కాగితం మీద ఈ లెక్కలు చేసి, ఆ ఎనిమిది అంకెలను ప్రోగ్రాములో ఎక్కించి, మీటలు నొక్కి విన్నారు. ఒకడు ధైవతం లెక్క తప్పు చేశాడు. వాడి ఆరోహణ విని మిగతావాళ్లంతా ఒక్కసారిగా తల తిప్పి చూశారు. లెక్క తప్పైతే చెవికి తెలిసే గణితం మన బడుల్లో ఇంకెక్కడ ఉంది?

ఇక్కడే ఇంకొక సంగతి బయటపడింది. ప్రోగ్రాము పూర్తయ్యాక దానిని యూనో బోర్డు సాయంతోనే ఏటీటైనీ చిప్పులోకి ఎక్కిస్తాము. యూనో గ్రంథాలయంలో మిగిలిపోతుంది, చిప్పు పిల్లవాడితో వెళుతుంది. ఈ పద్ధతి వల్లనే ఖర్చు అదుపులో ఉంటుంది. అయితే ఆ చిప్పు పనుల వేగాన్ని నిర్ణయించే లోపలి గడియారం కర్మాగారంలో సరిచేసి పంపినదే అయినా పది శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చునని తయారీదారు పత్రాలే చెబుతాయి. అందుచేత ఒకే ప్రోగ్రాము ఎక్కించిన రెండు చిప్పుల షడ్జమాలు ఒకటిగా ఉండవు. ఒక్కొక్కటే వాయిస్తే లోపం తెలియదు, ఎందుకంటే గడియారం తప్పినా అన్ని స్వరాలూ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి కనుక రాగం రాగంగానే ఉంటుంది. ఇద్దరు కలిసి వాయిస్తే మాత్రం ‘వావ్ వావ్’ మని గొంతు ఊగుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదివేవి ఇవే. ప్రోగ్రాములో ఒక అంకెను కొద్దికొద్దిగా మారుస్తూ ఆ ఊపు నెమ్మదించి పూర్తిగా నిలిచేదాకా సరిచేయడం పిల్లలకు నేర్పాము. కచేరీకి ముందు విద్వాంసులు చేసే శ్రుతి కూడా ఇదేనని చెప్పినప్పుడు గ్రంథాలయాధికారి కూడా పేపరు పక్కన పెట్టి వచ్చి విన్నారు.

ఎనిమిది మీటలకు ఎనిమిది కాళ్లు కావాలి, చిప్పుకు ఉన్నవే ఎనిమిది, అందులో విద్యుత్తుకు రెండు, రీసెట్‌కు ఒకటి పోగా మిగిలేవి ఐదే కదా సార్ అని అడిగినవాడికి నేను జవాబు వెంటనే చెప్పలేదు. రెసిస్టర్లను వరుసగా గొలుసు కట్టి, ప్రతి మీట ఆ గొలుసులో వేరొక చోట వోల్టేజిని అందుకునేలా చేస్తే, ఒక్క కాలితోనే ఏ మీట నొక్కారో కనిపెట్టవచ్చునని వాళ్లు నా సూచనలతో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట వృథా అయినట్టు నాకు అనిపించలేదు.

కాంతిని బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్ అనే చిన్న బిళ్లను కూడా తగిలించాము. చేతి నీడ పడితే స్వరం జారుతుంది. మీటల వాయిద్యంలో రాని గమకం దీనితో కొంతవరకు వస్తుంది. హాలులో బాగా పలికిన పరికరాలను పిల్లలు ఉత్సాహంగా బయటికి తీసుకెళితే, మన అనంతపురం ఎండకు అన్నీ ఒకే పై స్వరం దగ్గర బిగుసుకుపోయాయి; చేయి అడ్డుపెట్టినా కదలలేదు. ఎల్‌డీఆర్‌తో జతగా పెట్టిన 10 కిలో ఓముల రెసిస్టర్ గదిలోని వెలుతురుకు సరిపోయినది. దాని స్థానంలో 1 కిలో ఓము పెట్టాక వేప చెట్టు కింద ఆకుల నీడ కదిలినప్పుడల్లా స్వరం ఊగడం మొదలైంది. పల్లె నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములకు ఆ జారుడు వినగానే తమ ఊరి జాతరలో ఉరుము అనే వాద్యం వాయించేవాళ్లు పుల్లతో దాని చర్మాన్ని రుద్దినప్పుడు వచ్చే మూలుగు గుర్తుకు వచ్చిందట. దానిని పట్టుకోవాలని పౌనఃపున్యాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చే ప్రోగ్రాము రాసుకున్నారు. బజరు అంత కింది స్వరాలను పలకలేదు. పాత రేడియో స్పీకరు తెచ్చి నేరుగా తగిలించబోతే ఆపవలసి వచ్చింది: 8 ఓముల స్పీకరు 5 వోల్టుల దగ్గర అర ఆంపియరుకు పైగా కోరుతుంది, చిప్పు కాలు ఓర్చుకోగలిగిన గరిష్ఠం 40 మిల్లీ ఆంపియర్లు. మధ్యలో ఆ కరెంటు భారాన్ని తాను మోసే ఒక ట్రాన్సిస్టరు, వంద ఓముల రెసిస్టరు పెట్టాక స్పీకరు మూలిగింది. ఉరుము శబ్దం అచ్చంగా వచ్చిందని చెప్పను, కానీ ఆ అన్నదమ్ముల తృప్తికి లోటు లేదు.

దీనిపై వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. హాలు నిండా బజర్లు మోగుతుంటే తల పగిలిపోతుందన్నది అక్షరాలా నిజం. బజరు నోటికి కాగితపు టేపు ముక్క అంటిస్తే గొంతు తగ్గుతుంది, అయినా గ్రంథాలయంలో పాఠకులు తక్కువగా ఉండే వేళ చూసుకోవడమే ఉత్తమం. ఆంగ్లం రాని పిల్లలకు ప్రోగ్రాము రాయడం కష్టమన్నది పాక్షికంగానే నిజం. నాలుగైదు ఆదేశాల పదాలు తప్ప మిగిలిన పేర్లన్నీ మనం పెట్టుకునేవే కనుక స, రి, గ అని పెట్టుకున్నారు. ఇవి సంగీతం కాదు, చప్పుళ్లు అని ఒక పెద్దాయన అన్నారు. ఆయనతో వాదించను. వీటిని వాయించి ఎవరూ విద్వాంసులు కారు. కానీ ఆ తరువాత ఇద్దరు పిల్లలు గాత్రం నేర్చుకోవడానికి చేరారు.

అసలు అడ్డంకి డబ్బు కూడా కాదు, స్టాక్ రిజిస్టరు. చిప్పు, బజరు, ఎల్‌డీఆర్, మీటలు, బ్యాటరీ పెట్టె, చిన్న సర్క్యూట్ పలక కలిపి ఒక్కొక్కరికి సుమారు మూడు వందల రూపాయలలో వస్తాయి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులను, అంటే పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే గదులను, నెలకొల్పుతోంది. ఒక్కొక్క ల్యాబుకు 20 లక్షల రూపాయల వరకు సాయం, అందులో 10 లక్షలు ఏర్పాటుకు, 10 లక్షలు గరిష్ఠంగా ఐదేళ్ల నిర్వహణకు. దేశంలో ఇటువంటి ల్యాబులు 10 వేలు ఉన్నాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అటువంటి ల్యాబు ఉన్న ఒక పాఠశాలకు వెళ్లినప్పుడు నేను చూసినది త్రీడీ ప్రింటరు మీద కప్పిన గుడ్డ, అతికించిన స్టిక్కర్లు చెదరని సెన్సర్ల పెట్టెలు. ఉపాధ్యాయుడిని తప్పు పట్టడం లేదు. ఆ పెట్టెలోని ప్రతి వస్తువుకూ రిజిస్టరులో ఒక నంబరు ఉంది, ఆడిట్‌లో ఒక్క సెన్సరు తగ్గితే సంతకం పెట్టిన ఆయనే జవాబు చెప్పుకోవాలి. అటువంటప్పుడు తాళం వేసి ఉంచడం కంటే క్షేమమైన దారి ఆయనకు ఏముంటుంది? అదే పాఠశాల రసాయన ప్రయోగశాలలో గంధకామ్లం ఖర్చైతే, లిట్మస్ కాగితాలు అయిపోతే ఎవరూ సంజాయిషీ అడగరు. అవి ఖర్చు కావడానికే కొన్నవి. రెసిస్టర్లు, బజర్లు, పది పదిహేను కాళ్ల లోపు చిన్న చిప్పులు, బ్యాటరీ పెట్టెలు కూడా అదే కోవలో చేరాలి. వాటిని శాశ్వత సామగ్రి జాబితా నుంచి తీసి ఖర్చయ్యే సామగ్రి జాబితాలో రాయడానికి విద్యాశాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే, ఉపాధ్యాయుల భయం పోతుంది, పిల్లల చేతికి వాయిద్యం వస్తుంది. యూనో బోర్డులు, టంకం వేసే ఐరన్లు రిజిస్టరులోనే ఉండవచ్చు.

ఎవరు నేర్పుతారన్న ప్రశ్నకు జిల్లాలోనే సమాధానం ఉంది. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా దీనిని అప్పగించవచ్చు. టంకం వేయడం నేర్పడానికి మొబైల్ రిపేరు చేసే యువకుల కంటే నైపుణ్యం ఉన్నవారు నాకు కనిపించలేదు. గౌరవవేతనం ఇచ్చి పిలవాలి. సాధారణ టంకంలో సీసం ఉంటుంది కనుక చిన్న పిల్లలచేత సీసం లేనిదే వాడించాలి, దానికి వేడి కొంచెం ఎక్కువ కావాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాలి. పవర్ బ్యాంకులతో పరికరాలు నడపవచ్చునని కొందరు సూచిస్తారు. ఇంత తక్కువ కరెంటు తీసుకునే పరికరాన్ని చాలా పవర్ బ్యాంకులు గుర్తించక కొంతసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. మూడు పెన్సిల్ సెల్‌లే మేలు.

వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి. మన ఊరి దుకాణాల్లో ఎల్‌డీఆర్‌లు, ఏటీటైనీ చిప్పులు కావలసినన్ని దొరకవు. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో హైదరాబాదు కోఠి నుంచో తెప్పించుకోవాలి. కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ వేసవి విజ్ఞాన శిబిరాల కార్యక్రమాన్ని ఖరారు చేసేటప్పుడే ఈ సామగ్రికి కొంత మొత్తం కేటాయించాలని, టింకరింగ్ ల్యాబు ఉన్న పాఠశాలలు సెలవుల్లో వారానికి రెండు పూటలైనా చుట్టుపక్కల బడుల పిల్లలకు తలుపులు తెరవాలని, సామగ్రి పద్దు విషయమై జిల్లా విద్యాశాఖాధికారి మార్చిలోగా ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పైన రాసిన ఎనిమిది అంకెలను, మా పిల్లలు రాసుకున్న ప్రోగ్రామును అడిగిన ఏ పాఠశాలకైనా ఉచితంగా ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం.